నది ఒడ్డున చదవవలసిన ఉత్తరం

ఫిలడెల్ఫియా,
1799 ఏప్రిల్ 9

పూజ్యులైన నాన్నగారికి, మీ కెజాయా నమస్కారాలు. రేపు ఉదయం నది అవతలి ఒడ్డున, కర్నల్ హార్కట్ గారూ ఇరుపక్షాల సాక్షులూ వింటూండగా ఈ ఉత్తరాన్ని పైకి చదవవలసిందిగా ప్రార్థన.

నేను మన ఇంటికి ద్రోహం చేశానని మీ అభియోగం. కర్నల్ గారితో ఈ ద్వంద్వయుద్ధం మానుకోమన్నందుకు, "ఎప్పట్నించి హార్కట్ పక్షం చేరావే? ఆ ఆడపిల్లల అకాడమీలో ఉపన్యాసాలు నేర్పించి నా నెత్తి మీదికే తెచ్చుకున్నాను" అన్నారు. నోరు తెరవబోతే బయటికి పొమ్మన్నారు. మధ్యాహ్నానికి పడవెక్కి వెళ్ళిపోయారు. అందుకే రాస్తున్నాను.

మీకు బలమైన కేంద్ర ప్రభుత్వం, బ్యాంకు, సైన్యం కావాలి. అవి లేకుంటే ఈ పదహారు రాష్ట్రాలూ విడిపోయి ఎవడో రాజు పాలవుతాయంటారు. కర్నల్ గారికి రైతు, రాష్ట్రం, పత్రికల స్వేచ్ఛ కావాలి. అవి లేకుంటే రాజును మనమే తయారుచేసుకుంటామంటారు. ఇద్దరి భయమూ ఒకటే. స్వాతంత్ర్య యుద్ధకాలంలో మీరిద్దరూ ఒకే దుప్పటి కింద చలికాలం గడిపినవారు, ఇది మీకు తెలియనిదా?

ప్రభుత్వాన్ని విమర్శించిన పత్రికలవాళ్ళను జైల్లో పెట్టే చట్టానికి కాంగ్రెసులో మీరు ఓటేశారు. సెర్టోరియస్ అనే రోమన్ మారుపేరుతో పత్రికలో వచ్చిన వ్యాసం అందుకు మిమ్మల్ని పిరికివారంది. ఇంత లాటిన్, ఇంత న్యాయశాస్త్రం తెలిసిన కలం హార్కట్‌దేనని మీరు నిశ్చయించారు. కాఫీ హౌసులో జనం అభినందిస్తే ఆయన కాదనలేదు, చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు. పొగడ్త తియ్యగానే ఉండి ఉంటుంది. ఆపైన మీ సవాలు అందింది. బెదిరించి అడిగినవాడికి సంజాయిషీ ఇవ్వడం పెద్దమనిషికి మచ్చ కదా, ఇక నోరు విప్పలేరు. ఆయన సాక్షిని వెళ్ళి బతిమాలాను. "ఒక్క మాటతో పోయేదేనమ్మా. కానీ ఆ మాట అంటే మా కర్నల్ మళ్ళీ ఈ ఊళ్ళో తలెత్తుకోలేడు" అన్నాడు.

నాన్నగారూ, అమ్మ పోయాక నాకు మీరొక్కరే. ఆయన చేతిలో మీరు పోతే దిక్కులేనిదాన్నవుతాను. మీ చేతిలో ఆయన పోతే హంతకుడి కూతుర్నవుతాను. ఇందులో మన ఇంటికి దక్కే గౌరవం ఏది?

విధేయత చాలకపోయినా మీ కూతురే అయిన
కెజాయా పెన్‌హాలో

తా.క. ఆ సెర్టోరియస్ నేనే. మొదటి వరుసలోనే చెబితే, ఆడపిల్ల చేష్ట అని నవ్వి కాగితం మడిచేసేవారు. జైల్లో ఉన్నవాళ్ళ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. అందుకే వాదన ముందు పెట్టాను. మిమ్మల్ని అన్నిటికన్నా మండించిన ఆ చివరి వాక్యం, "పాలకుణ్ణి చూసి నవ్వలేని జనం స్వతంత్రులు కారు" అన్నది, అదొక్కటే నాది కాదు. చిన్నప్పుడు నాకు లాటిన్ నేర్పుతూ మీరు చెప్పింది.

కర్నల్ గారూ, మీది కాని పొగడ్త వదిలెయ్యండి. నాన్నగారూ, నేనిక్కడే రేవులో నిలబడి ఉంటాను. పిస్తోళ్ళు చేతిలోకి తీసుకునే ముందు మీరందరూ నాకు జవాబు చెప్పి తీరాలి: ఆ వ్యాసంలో ఏ వాక్యం అబద్ధం?