చివరి గ్రీను మీద ఆ రోజు గుంట

చిట్టీ,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం, అక్కడ మీరు ముగ్గురూ క్షేమమని తలుస్తాను. ఈ వాక్యం నలభై ఏళ్లుగా ఎవరికో ఒకరికి రాస్తూనే ఉన్నాను, ఒక్కసారీ పూర్తిగా నిజం కాలేదు. మీ అమ్మ మోకాలు క్షేమంగా లేదు, నా చెవులు క్షేమంగా లేవు. గడ్డి మాత్రం క్షేమం.

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. ఆలస్యానికి నొచ్చుకోకు. అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. అడగనిది ఒకటుంది, అది చివర చెబుతాను.

అమ్మ మోకాలికి డాక్టరు పట్టీ ఇచ్చాడు. పట్టీ బీరువాలో ఉంటుంది, మోకాలు రోజంతా మెట్ల మీద ఉంటుంది. పనిముట్ల షెడ్డు కప్పు ఇంకా కారుతూనే ఉంది. ఆ చుక్క సరిగ్గా నా కుర్చీ మీద పడుతుంది కాబట్టి ఆఫీసువాళ్లకు తొందర లేదు. రిటైరైనవాడికి కుర్చీ ఎందుకంటారు. అలాంటివాణ్ని వారానికి నాలుగు రోజులు ఎందుకు పిలుస్తారో మాత్రం చెప్పరు.

చలికాలం ఈసారి కదలనని మొండికేసింది. పోయిన నెలంతా పొద్దున్నే మన గోల్ఫు మైదానంలో గ్రీన్ల మీద, బంతి దొర్లించే ఆ నున్నటి గడ్డి మీద, తెల్లగా మంచు. టికెట్టు కొనుక్కుని వచ్చిన ఒకాయన్ని, మంచు కరిగేదాకా ఆగమంటే, "ఏం, గడ్డికి నొప్పెడుతుందా?" అని నవ్వి రెండో గ్రీనుకు అడ్డంగా నడిచాడు. ఆ పూట ఏమీ కనబడలేదు. మూడో రోజుకు ఆయన బూట్లు పడ్డ చోటల్లా గోధుమరంగు మచ్చలు తేలాయి. ఎడమకాలు కాస్త ఈడుస్తాడని కూడా తెలిసింది. గడ్డి అప్పటికప్పుడు చెప్పదు. నీకు చిన్నప్పుడు ఇవే చూపించేవాణ్ని, గుర్తుందా?

ఇప్పుడు మంచు పోయింది. గ్రీన్లన్నిటికీ చిల్లులు పొడిచి, ఇసుక పోసి, చీపుళ్లతో నెట్టాం. ఏటా వచ్చే ఫిర్యాదే మళ్లీ వచ్చింది, నున్నగా ఉన్నదాన్ని ఎందుకు పాడుచేశారని. వేళ్లకు గాలి కావాలని బోర్డు మీద రాసిపెట్టాను. బోర్డు చదివేవాళ్లయితే ఫిర్యాదు ఎందుకు చేస్తారు? నా స్థానంలో కొత్తగా వచ్చిన హెడ్డుకు వ్యవసాయంలో డిగ్రీ ఉంది. నేనాయన్ని డిగ్రీ అనే పిలుస్తాను, పాపం పలుకుతాడు. తేమ కొలిచే కర్ర ఒకటి పట్టుకుని తిరుగుతాడు. "బాబాయ్, ఇక్కడ ఇరవై రెండు శాతం" అంటాడు. నేను వేలు గుచ్చి "తడిగా ఉంది" అంటాను. ఆయనది రిపోర్టులోకి ఎక్కుతుంది, నాది ప్యాంటుకు తుడుచుకుంటాను.

గొడుగు ఎలా ఉన్నాడని అడిగావు. క్లబ్బు పాత సెక్రటరీకి ఆ పేరు పెట్టింది నువ్వే, ఎనిమిదేళ్లప్పుడు. పదవి పోయినా రోజూ వస్తాడు. అదే నల్లగొడుగు, ఇప్పుడు చేతికర్రగా మారింది. ఆయన మీద నాకెందుకు అంత మంట అని అమ్మను అడిగేదానివట. నాలుగో గ్రీను కింద నీరు నిలుస్తోందని, కాలువ వేయించాలని, నేను నాలుగు పేజీలు రాసిచ్చాను. ఎన్ని పుస్తకాలు తిరగేసి రాశానో. ఆయన దాన్ని మీటింగులో నాటకంలో రాజు పాత్రలా చదివి, "మన గడ్డిమాలి గ్రంథం రాశాడు" అన్నాడు. నలభై మంది నవ్వారు. నేను తలుపు దగ్గర టోపీ పట్టుకుని నిలబడి ఉన్నాను. పగ పట్టినవాళ్ల చరిత్రలు షెల్ఫు నిండా చదివాను చిట్టీ, ఒక్కడూ బాగుపడినట్టు రాసి లేదు. చదవడం వేరు, బుద్ధి రావడం వేరు.

ఇక నువ్వు అప్పగించిన పని. ఆఫీసులో ఇమ్మని నీ ఉత్తరంతో పాటు ఒక కవరు పంపావు. ఇవ్వలేదు. నా కోటు జేబులోనే ఉంది.

కోచ్ ఉద్యోగానికి రమ్మని క్లబ్బువాళ్లే పిలిస్తే వద్దని అందులో రాశావు. "చివరి గ్రీను పక్కన నిలబడి ఇంకొకళ్లకు నేర్పే మొహం నాకు లేదు నాన్నా. ఆ రోజు చేతులు వణికాయని నువ్వే అన్నావు కదా" అని నాకు రాశావు. అది చదివి తట్టుకున్నాను. దాని కింద వాక్యం తట్టుకోలేకపోయాను. పాప పోటీలో ఆడతానంటే, మన వంశం చేతులే వణికేవి, సరదాకు ఆడుకో చాలు అన్నావట. నా మనవరాలికి ఏడేళ్లు. దాని చేతులు ఇంకా ఏ పాపమూ ఎరగవు.

ఉత్తరం మీ అమ్మా చదివింది. మర్నాడు అటక మీంచి నా పాత డైరీ దించింది. నీకు తెలుసుగా, రోజూ తెల్లారి గ్రీన్ల మీద బంతి పడే గుంటలు కొత్త చోట తీసి, ఏ గ్రీనులో ఎక్కడ తీశానో సున్నా గీసి చుక్క పెట్టేవాణ్ని. ఆవిడకు ఆట తెలియదు, చుక్కలు తెలుసు.

"ఏమండీ, ఇన్నేళ్ల చుక్కలూ సున్నా మధ్యలోనే తిరుగుతున్నాయి. ఇదొక్కటే అంచుకు పోయిందేం?"

"ఏ రోజుది?"

"ఏ రోజుదో మీకు తెలీదా? నా కూతురు అన్నం మానేసిన రోజుది."

నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

"పేపరు తలకిందులుగా ఉంది" అంది ఆవిడ. "మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?"

రాస్తున్నాను.

పదకొండేళ్ల కిందట ఆ పోటీ రోజు, చివరి గ్రీను ఎగువన, వాలు నిటారుగా మారే చోట గుంట తీశాను. ఏ బుద్ధి ఉన్నవాడూ అక్కడ తీయడు. గుంటలో పడని బంతి అక్కడ ఆగదు, వెనక్కి దొర్లుతుంది. గొడుగు ఆ రోజు పోటీలో ఉన్నాడు. వరండా నిండా జనం చూస్తుండగా ఆయన బంతి వెనక్కి వస్తుంటే నలభై మంది నవ్వాలని తీశాను. నువ్వూ అదే గ్రీనుకు వస్తావని నాకు తెలుసు. మరిచిపోయానని అబద్ధమాడను. నా కూతురికి ఈ గ్రీను కొట్టినపిండి, అది గట్టెక్కుతుందిలే అనుకున్నాను.

గొడుగు తొమ్మిదో గుంట దగ్గరే నడుం పట్టేసి తప్పుకున్నాడు. చివరి గ్రీనుకు రానే లేదు. వచ్చింది నువ్వు. మూడు దెబ్బల్లో వేస్తే గెలుపు నీది, గెలిచినవాళ్లకు క్లబ్బు ఇప్పించే కోచ్ శిక్షణా నీది. మొదటి బంతి గుంట పక్కనుంచి వెనక్కి దొర్లి నీ కాళ్ల దగ్గర ఆగింది. రెండోదీ అంతే. నువ్వు ఒకసారి నావైపు చూశావు. నేను పళ్లకర్ర పట్టుకుని ఇసుక సర్దుతున్నట్టు నటించాను. ఆరు దెబ్బలు పట్టాయి. నీ ముందు ఆడినవాళ్లలోనూ సగం మంది తిట్టుకుంటూ పోయారు. నువ్వది చూడలేదు, నేను చూశాను.

ఇదింకా సగమే తల్లీ. వరండాలో నడుముకు దిండు పెట్టుకుని కూర్చున్న గొడుగు లేచి వచ్చాడు. నువ్వు పక్కనే చేతి తొడుగు విప్పుకుంటున్నావు.

"ఆ గుంట అక్కడేంటయ్యా? పిల్లది తప్పు కాదు. నువ్వు ఊఁ అను, ఈ ఒక్క హోలూ అందరి చేతా మళ్లీ ఆడిద్దాం" అన్నాడు.

నేను ఊఁ అంటే గుంట తప్పని ఒప్పుకున్నట్టు. ఎవరి ముందు? ఆయన ముందు. "గుంట సరిగ్గానే ఉంది సార్. చేతులు వణికాయంతే" అన్నాను. నువ్వు విన్నావు. నీ చేతుల వైపు చూసుకున్నావు. ఆ చూపు నేను పదకొండేళ్లుగా చూస్తూనే ఉన్నాను.

పోయిన శనివారం గొడుగు ఇంటికి వెళ్లాను. జన్మలో మొదటిసారి. అంతా చెప్పాను.

"నా మీద కోపంతోనా? నేనేం చేశానయ్యా నిన్ను?"

"నా రిపోర్టు చదివి నవ్వించారు."

"ఏ రిపోర్టు?"

చెప్పాను. "నాలుగో గ్రీను కాలువా? ఆ మరుసటి ఏడే వేయించాంగా. నీ కాగితాలు చూపించే ఒప్పించాను కమిటీని" అన్నాడు. నవ్వించిన సంగతి ఆయనకు గుర్తే లేదు. ఇన్నేళ్లు నేను కడుపులో పెట్టుకుని పెంచింది ఆయన జ్ఞాపకంలో లేనేలేదు. అయినా మంచివాడని నేననను, కాఫీ నీళ్లలా ఇచ్చాడు. "తండ్రివి నువ్వే వణికాయన్నాక నేనేం మాట్లాడను?" అని మాత్రం అన్నాడు.

ఇదంతా నీ మనసు బాగుచేయడానికి అల్లానని నువ్వనుకుంటావు. నా మాట నువ్వు నమ్మడానికి నేనేం మిగిల్చాను కనక? అందుకని మొన్న సెలవు రోజున డిగ్రీని అడిగి, డైరీలో చుక్క చూసుకుని, సరిగ్గా అదే చోట గుంట తీశాను. నువ్వు నిలబడిన చోటు నాకు బాగా తెలుసు. అక్కడి నుంచి ముగ్గురం నలభై బంతులు దొర్లించాం. గొడుగు చేతులు వణుకుతాయి, నా చేతులూ వణుకుతాయి. డిగ్రీకి ముప్పై ఏళ్లు, రాయిలాంటి చేతులు, కాలేజీ జట్టులో ఆడినవాడు. మూడు బంతులు గుంటలో పడ్డాయి. ముప్పై ఏడు వెనక్కొచ్చాయి. పడ్డ మూడింట్లో రెండు గొడుగువే. ఆయన కన్ను సరిగా కనబడక గుడ్డిగా కొట్టాడు.

"అప్పట్లో ఇక్కడెవరు బాబాయ్ గుంట తీసింది?" అని అడిగాడు డిగ్రీ.

"నేనే" అన్నాను. గొడుగు పక్కనే ఉన్నాడు. అనడానికి ఒక క్షణం కూడా పట్టలేదు. ఇంత చిన్న మాట.

డైరీలో ఆ పేజీ చింపి దీంతో పంపుతున్నాను. వెనకవైపు నలభై బంతుల సంగతీ రాసి ముగ్గురం సంతకాలు చేశాం. పాపకు చూపించు. దాని తాత పేరూ అందులో ఉందని చెప్పు, ఎందుకుందో కూడా చెప్పు.

నీ కవరు కూడా తిప్పి పంపుతున్నాను. గడువు నెలాఖరు. ఇప్పటికీ వద్దనుకుంటే నువ్వే పోస్టు చెయ్యి, నిన్ను ఒక్క మాట అనను. నా చేతుల మీదుగా మాత్రం అది వెళ్లదు. నీకు రావలసినదాన్ని ఈ చేతులు ఒకసారి అడ్డుకున్నాయి, అది చాలు.

అల్లుడుగారికి నమస్కారాలు, పాపకు ముద్దులు. అమ్మ ఇది చదివి, అక్షరాలు వంకరగా ఉన్నాయి, మళ్లీ రాయమంది. రాయను. నా చేతులు ఎలా ఉన్నాయో నీకు తెలియాలి.

ఇట్లు,
ఆ గుంట తీసిన
మీ నాన్న