బానెట్ వెచ్చగా ఉన్న కారు

నాన్నకి నమస్కారం. నేను బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను.

మీరు చూసి రమ్మన్న పాత కారు నిన్న చూశాను. మీరు చెప్పినట్టే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టాను. నులివెచ్చగా ఉంది. (ఈ మాట ఈమధ్యే ఒక పుస్తకంలో దొరికింది, వాడే చోటు కోసం చూస్తున్నాను.) అమ్మే ఆయన రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. "ఏమ్మా, జ్వరం ఉందా దానికి?" అని నవ్వారు.

"పూర్తిగా చల్లారాకే స్టార్ట్ చేసి చూడమన్నారండీ మా నాన్న" అన్నాను.

"అయితే కూర్చో. అది చల్లారేలోపు మనం వేడిగా టీ తాగుదాం."

రెండు గంటలు కూర్చున్నాం. ఏం చదువుతున్నావు, గదిలో ఇంకెవరుంటారు, అన్నీ అడిగారు. ఈ ఊరొచ్చాక నాతో అంతసేపు మాట్లాడిన మనిషి ఆయనే. తర్వాత సెల్ఫ్ కొడితే కారు నాలుగుసార్లు దగ్గి, అయిదోసారికి నీలం పొగ కక్కింది. ఆయన తల దించుకుని, "నువ్వొస్తున్నావని ముందే కాసేపు ఇంజను ఆన్‌లో ఉంచానమ్మా, వేడి మీదుంటే ఇలా దగ్గదు" అన్నారు.

ఆయన మొహం చూసి, కారు బాగుందని మీకు రాసేద్దామా అనిపించింది. కానీ అద్దె కారు వదిలేసి, దీన్నే నమ్ముకుని రోజూ కిరాయికి తిప్పాల్సింది మీరు. వద్దు నాన్నా, కొనకండి.

అమ్మ మోకాలు ఎలా ఉంది? అటక మీదున్న నా నిఘంటువు పోస్టులో పంపండి. బామ్మకి దండాలు, చెల్లికి ముద్దులు. చూడాల్సిన కారు ఇంకేదైనా ఉంటే త్వరగా రాయండి. ఎంత దూరమైనా వెళ్తాను, ఆదివారాలు నాకు పనేమీ ఉండదు.

మీ పెద్దమ్మాయి