ఎరుపూ ఆకుపచ్చా

విజయనగరం

ప్రియమైన మావయ్యకి,

ఫోన్లో నీకు సరిగ్గా వినపడదు. గట్టిగా అరిస్తే పక్కనున్న అమ్మ వింటుంది. అందుకే ఉత్తరం.

ఈ సెమిస్టర్లో మాకు ఇమేజ్ ప్రాసెసింగ్ ఉంది. ఫొటోలో ఏముందో కంప్యూటర్ చేత గుర్తుపట్టించే చదువు. మొన్న ల్యాబ్‌లో టమాటా తోట ఫొటోలిచ్చి, ముగ్గిన పళ్ల చుట్టూ గీత గీయమన్నారు. నేను గీసింది చూసి పక్కనున్న శైలజ "కాయలకి గీసేవేటి?" అని నవ్వింది. విశ్వనాథ్ సారు నవ్వలేదు. రంగుచుక్కల బొమ్మలు చూపించి, లోపలున్న అంకె చదవమన్నారు. నాకు చుక్కలే కనిపించాయి.

ఎరుపూ ఆకుపచ్చా నాకు విడిగా తెలియవట. పుట్టుకతో వస్తుందట, తల్లి వైపు నుంచి. మేనమావలకి ఉందేమో కనుక్కోమన్నారు. నీకుందా?

రైలు నడిపే ఉద్యోగానికి పరీక్ష రాద్దామనుకున్నాను. సిగ్నల్ రంగు తెలియనివాణ్ని తీసుకోరు. అమ్మ ఆశంతా దాని మీదే. రంగులే తెలియనప్పుడు ఈ చదువు మాత్రం నాకెందుకు? అమ్మకి చెప్పకు.

నీ మేనల్లుడు
నరేష్

*

శృంగవరపుకోట

ఒరే నరేషూ, నా నాయనా,

నీ ఉత్తరం సదివేను. ఉన్నాదిరా. నాకూ ఉన్నాది.

నేనూ రైల్వేకి ఎల్లేను. రాత పరీక్ష గట్టెక్కేను. కళ్ల డాక్టరు ఆ సుక్కల పుస్తకమే సూపించి పనికిరావన్నాడు. ఇంటికొచ్చి ఏటని సెప్పను? అప్పుడే సంబంధాలు సూస్తన్నారు, కంటికి లోపమంటే పిల్లనెవరిస్తారు? ఉద్యోగం నాకొద్దనీసేను. మీ అమ్మ అప్పుడు సిన్నపిల్ల. మా అన్న రైలు నడుపుతాడని ఊరంతా సెప్పుకుంది. నేను బెదిరి వొచ్చీసేనని ఇప్పటికీ దాని మనసులో ఉన్నాది. నిజం మీ అత్త దేముడమ్మకొక్కదానికే తెలుసు. మా టమాటా తోటలో పళ్లు కోసీది అదే.

నీ సదువు సంగతి మీ సార్నే అడుగు. మీ అమ్మకి మాత్రం సెప్పీ. నాది కూడా సెప్పు. నిజం దాసి నేను బాగుపడింది లేదు.

ఉంటాన్రా,
మావయ్య నరసింగరావు

*

విజయనగరం

ప్రియమైన మావయ్యకి,

చెప్పేశాను. నా సంగతి వింటూ అమ్మ కూర కలుపుతూనే ఉంది. నీ సంగతికి గరిటె ఆగిపోయింది. స్టవ్ కట్టేసి గదిలోకెళ్లి పడుకుంది. కోపమో ఏమో తెలియడం లేదు.

చదువు మార్చుకుంటానని సారుతో అన్నాను. ఆయన ఒక ఫొటో తెరిచి, అందులో ప్రతి చుక్కా కంప్యూటర్‌కి మూడు అంకెలేనని చూపించారు. ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత. "అంకెలు నీకు తెలుస్తాయి కదా" అన్నారు. మావయ్యా, పండు దగ్గర ఎరుపు అంకె పెద్దది, కాయ దగ్గర ఆకుపచ్చది. ఇన్నేళ్లూ నాకందని తేడా అక్కడ కనిపించింది.

దాంతోనే ప్రాజెక్టు మొదలుపెట్టాను. నేను తయారుచేసిన యాప్ పెట్టుకుని ఫోన్ కెమెరాలోంచి చూస్తే ఎరుపంతా నీలంగా కనిపిస్తుంది. నీలం మనకి బాగా తెలుస్తుంది కదా. శైలజ కూడా కలిసింది. మీ అబ్బాయి త్రినాథ్ బావ ఫోన్‌కి దాన్ని పంపించాను. బావ ఫోన్ తీసుకుని తోటలోకి ఓసారి వెళ్లు.

ప్రేమతో
నరేష్

*

శృంగవరపుకోట

ఒరే నరేషూ,

మావోడి ఫోను పట్టుకుని తోటకెల్లేను. మొక్క మొక్కకీ నీలం గుడ్లు వేలాడతన్నట్టు ఉన్నాది. "ఇన్ని పళ్లున్నాయేటే?" అన్నాను. మీ అత్త బుట్ట నా సేతికిచ్చి గట్టు మీద కూకుంది. నిండా నేనే కోసేను. అందులో ఎతికినా ఒక్క పచ్చికాయా దొరకలేదు మీ అత్తకి.

అప్పుడే మీ అమ్మ వొచ్చింది. వొచ్చినట్టు నీకు తెలుసు, ఎందుకో సెప్పి ఉండదు. తిడతాదనుకున్నాను. నా పక్కన నిలబడి, "ఇన్నాళ్లూ నాకు సెప్పలేదేటి అన్నా?" అంది.

"నువ్వడగలేదు."

"అడిగితే సెప్పేవోడివా?"

"సెప్పేవోణ్ని కాదు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. కాసేపయ్యాక నేనే అడిగేను, "నరేష్ని రైలెక్కించాలని అంత పట్టేటే?" అని.

"నువ్వు ఒగ్గీసిన ఉద్యోగం ఆడు సేస్తే నీ మీద కోపం పోతాదనుకున్నాను. ఇప్పుడు కోపమే లేదు. ఇంక ఆ ఉద్యోగం ఏటికి?" అంది.

నీకు నచ్చింది సదువుకోమంటన్నాది. నీతో అనడానికి మొహమాటం, అందుకే నన్ను రాయమంది. సిన్నప్పటి కబుర్లు ఇంకా అవలేదు మాకు. మీ అమ్మని పంపమని ఫోన్ సెయ్యకు. నువ్వూ మీ నాన్నా వొండుకుని తినండి.

మీ మావయ్య