సమానులు కారని దండోరా వేయలేను

మహారాజశ్రీ తాలూకా తహసీల్దారు సాహెబు వారి సముఖమునకు,
అమీరుపేట డప్పు నౌకరు సాలమన్, తండ్రి మొగిలయ్య, వ్రాసుకొన్న అర్జీ.
ఖుర్దాదు మాసం, 1350 ఫసలీ.

విషయం: "మనుషులందరూ సమానులు కారు" అని ఊరంతా దండోరా వేయవలసినదిగా నాకు అయిన ఉత్తర్వు నుండి నన్ను మినహాయించుట గురించి.

అయ్యా,

1. నేను అమీరుపేట, పంజాగుట్టలలో తాతల నాటి నుండి డప్పు నౌకరీ చేయుచున్న కుటుంబమువాడను. ఈ నౌకరీ కింద పంజాగుట్ట వాలున ఒక చెలక, అందులో ఒక గుడిసె మాకు ఇనాముగా నడుచుచున్నవి. సర్కారు ఉత్తర్వులు, తప్పిపోయిన బర్రెలు, టీకాలు వేయువారి రాక, అన్నీ నా నోటి గుండానే జనానికి తెలియుచున్నవి. మిషను బడిలో కొంత చదివితిని గనుక ఈ అర్జీ నేనే వ్రాసుకొంటిని. నిజానికి మొదట తమ కచేరీ బయట కూర్చుని అర్జీలు వ్రాసే మున్షీ దగ్గరికే పోయాను. విషయం చెప్పగానే ఆయన కలం చెవిలో దోపుకుని, "సాలమన్ భాయ్, నాకు పిల్లలున్నరు" అన్నాడు. పిల్లలు నాకూ ఉన్నారు. తప్పులు మన్నించగోరెదను.

2. గడచిన చలికాలంలో ఒక ఆదివారం సాయంత్రం, ప్రార్థన ముగిసిన పిమ్మట, మా మిషను బడి టీచరమ్మ యేసుమణి గారు బడి ముందు జాగాలో నిలబడి కొన్ని మాటలు చెప్పినారు. ఆమెది బెజవాడ వైపు. సభకు ముందుగా సర్కారు వారి ఇజాజత్, అనగా అనుమతి, తీసుకోవాలన్న సంగతి ఆమెకు తెలియదో, తెలిసీ తీసుకోలేదో నేను చెప్పజాలను. నేను ఆ సభలో లేను. ఒక బర్రె తప్పిపోయిందని పంజాగుట్టలో డప్పు కొట్టుచుంటిని.

3. మరునాడే పోలీసు పటేలు రాజనర్సయ్య గారు నన్ను పిలిపించి, "నిన్నటి సభల అన్న మాటలు ఇగ ఎవ్వరు అనొద్దు, అంటే జైలు అని దండోరా వెయ్యి" అన్నారు. ఏ మాటలు పటేలా, అని అడిగితిని. తెలియక నేనే ఎక్కడైనా అనేస్తానేమోనని భయం. పటేలు గారు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, టీచరమ్మ అన్నవన్నీ చెప్పినారు. ఒక్క ముక్క పోలేదు. ఆయనకు అప్పటికే నోటికి వచ్చేసింది.

ఆ మాటలు తమ విచారణ నిమిత్తం మాత్రమే ఇక్కడ వ్రాయుచున్నాను:

"దొరగారి దేవిడీ ముందు నుంచి పోయేటప్పుడు మనం చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటున్నాం. మంచిదే, విప్పుదాం. దేవిడీ వాళ్ళు మన గుడిసెల ముందు నుంచి పోయేటప్పుడు వాళ్ళూ విప్పాలి. వాళ్ళు విప్పరంటే మనమూ విప్పం. సమానం అంటే ఇంతేనండీ. ఇంతకంటే పెద్దది ఏముంటుంది?"

4. దండోరా పద్ధతి తమకు తెలిసినదే. తెలియనిచో మనవి. మూలమలుపులో డప్పు కొట్టాలి, జనం బయటికి రావాలి, మాట చెప్పాలి. అంతటితో పోకూడదు. ఎవరైనా అడిగితే, వారికి అర్థమయ్యేదాకా నిలబడి జవాబు చెప్పాలి. చెప్పకుండా పోతే ఆ దండోరా చెల్లదు.

మగ్గాలు నేసే సాలోళ్ళ గల్లీలో నేను "సభలో అన్న మాటలు ఎవ్వరు అనరాదు" అని చెప్పగానే కండెలు చుట్టే కాంతవ్వ అడ్డం వచ్చింది.

"ఏ మాటలు?"

"అనొద్దన్న మాటలు."

"గవేందో తెల్వకుంటె అనకుండ ఎట్లుంటం? రేపు నేను నోరు జారి అంటే నువ్వొస్తవా జైలుకు?"

అడిగినది న్యాయమే. చెప్పాను. పక్క గల్లీలో ఇంకొకరు అడిగారు, అక్కడా చెప్పాను. పంజాగుట్ట రాళ్ళు కొట్టేవాళ్ళయితే సుత్తెలు కింద పెట్టి, సరిగ్గా వినబడలేదని మళ్ళీ చెప్పించుకున్నారు. టీచరమ్మ సభకు వచ్చినవారు ఒక పందిరి కింద పట్టేంత మంది. నా దండోరా విన్నది రెండు ఊర్ల జనం. సర్కారు ఉత్తర్వును ఇంత శ్రద్ధగా నేనెన్నడూ వేయలేదని ప్రమాణపూర్వకముగా చెప్పుచున్నాను.

5. ఆ తర్వాత జరిగినది పటేలు గారు తమకు రిపోర్టు చేసియే ఉందురు. జనం చెప్పులు తొడుక్కుని దేవిడీ ముందు నుంచి నడిచినారు. వారిలో ఒక్కరు కూడా పెదవి విప్పలేదు. అనరాదన్నారు గనుక అనలేదు, ఊరికే నడిచినారు. ఇందులో ఉత్తర్వును మీరినది ఎక్కడో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

చెప్పులు లేనివారి సంగతి కూడా చెప్పాలి. మాలో చాలామందికి పుట్టినప్పటి నుంచి చెప్పులు లేవు. విప్పే బాధ వారికి ఎన్నడూ లేదు, అయినా వారే ముందు కదిలినారు. కాంతవ్వ చనిపోయిన మొగుడి చెప్పులు అటక మీది నుంచి దించి తొడుక్కుంది. అవి ఆమెకు పెద్దవి. కాలు ఈడ్చుకుంటూ దేవిడీ ముందు ఆ కొస నుంచి ఈ కొసకు పోయి, మళ్ళీ తిరిగి వచ్చింది. ఆమెకు అటువైపు పనేమీ లేదు. నేను చూస్తూ నిలబడ్డాను. ఏడుపు వచ్చింది. అర్జీలో ఇటువంటివి వ్రాయరాదని తెలియును.

6. అటు పిమ్మట యేసుమణి టీచరమ్మను ఊరి పొలిమేర దాటించి, తిరిగి అడుగు పెట్టరాదని ఉత్తర్వు చేసినారు. ఆమె పెట్టెను జట్కాలోకి ఎత్తింది నేనే. "సాలమన్ గారూ, నాకంటే మీరే బాగా చెప్పారటగా" అని నవ్వింది. నన్ను గారు అన్నవారు అంతవరకు ఎవరూ లేరు. నాకు నవ్వు రాలేదు. నేను అంత బాగా చెప్పి ఉండకపోతే ఆమెకు ఊరు దక్కేదేమో అన్న బాధ నన్ను ఈనాటికీ తినుచున్నది.

7. ఆమె పోయింది, చలి పోయింది, ఎండలు వచ్చాయి. మాటలు మాత్రం పోలేదు. ఎవరూ అనడం లేదు, అయినా ఊరంతా అలాగే నడుస్తోంది. అందుచేత మొన్న పటేలు గారు కొత్త ఉత్తర్వు తెచ్చినారు. దాని నకలు: "ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునదేమనగా, మనుషులందరూ సమానులు కారు. అట్లు చెప్పినవారు అబద్ధమాడినారు." దీనిని ప్రతి గల్లీలో డప్పు కొట్టి చెప్పాలి. ఈ ఆదివారం లోపల చెప్పనిచో డప్పు, చెలక, గుడిసె సర్కారుపరం.

8. నేను మొండికేసినానని పటేలు గారు వ్రాసి ఉందురు. అది నిజం కాదు. ప్రయత్నించితిని. గడ్డి మంట వేసి డప్పు కాచుకుని, సాలోళ్ళ గల్లీ మొదట నిలబడి కొట్టాను. అందరూ వచ్చారు. "ఇందుమూలముగా యావన్మందికి" దాకా బాగానే పోయింది. అక్కడ మాట ఆగిపోయింది. మళ్ళీ డప్పు కొట్టి మొదటి నుంచి ఎత్తుకున్నాను, మళ్ళీ అక్కడే ఆగాను. చివరకు డప్పు చంకన పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండును.

9. ఇంటి సంగతి. నా భార్య రూతమ్మ నా మీద కోపంగా ఉన్నది. ఆమె మాట కూడా తమ ముందు ఉంచుట ధర్మం.

"అది అబద్ధమని ఊరందరికి ఎరుకే గద. నువ్వు చెప్తే మాత్రం ఎవరు నమ్ముతరు? చెప్పేసి రా. గుడిసె గుంజుకుంటె పోరగాండ్లను ఏడ పండవెడ్త?"

ఈ ప్రశ్నకు నా వద్ద ఉన్న జవాబు ఇది. ప్లేగు వచ్చినప్పుడు మా నాయన మొగిలయ్య ఇళ్ళు విడిచి గుట్టల మీదికి పొమ్మని డప్పు కొట్టినాడు. జనం పొయ్యి మీది కుండలు అలాగే వదిలి పోయారు, బతికారు. మా ఇంటి డప్పు అంతకు ముందు ఎన్నడూ అబద్ధం చెప్పలేదు గనుక పోయారు. నేను ఇప్పుడు ఊరందరికీ తెలిసిన అబద్ధం చెప్తే, రేపు మళ్ళీ ఏ రోగమో వచ్చి నేను కొట్టినప్పుడు వాళ్ళు తలుపు తీయరు. అప్పుడు చచ్చేవారిలో నా పిల్లలూ ఉంటారు. ఇది రూతమ్మకు చెప్పాను. ఆమె, "గట్లైతె అర్జీ రాయి, బతిమాలు, కాళ్ళు మొక్కు" అన్నది.

10. కాళ్ళు మొక్కుట గురించి ఇక్కడ ఒక వాక్యం వ్రాసి కొట్టివేసితిని. క్షమించవలెను.

11. కావున నా మనవి. నేను ఆ దండోరా వేసితిని అనుకుందాం. కాంతవ్వ వంటివారు తప్పక అడుగుతారు: "ఎందుకు సమానులు కారు?" వారికి అర్థమయ్యేదాకా నేను చెప్పాలి గదా. జవాబు నాకు తెలియదు. పటేలు గారిని అడిగితే, "నీకెందుకుర అయ్యి" అన్నారు. మళ్ళీ అడిగితే ఉత్తర్వు నకలు నా చేతిలో పెట్టి పొమ్మన్నారు. కనుక సాహెబు వారు దయతలచి ఆ జవాబును, నాలాంటివాడు నాలుగు మాటల్లో చెప్పగలిగేటట్లు, వ్రాయించి పంపవలెను. అది నాకు నిజమని తోచిన రోజున డప్పు కాచుకుని రెండు ఊర్లూ తిరుగుతాను. అందాకా ఈ దండోరా నా మీద పెట్టవద్దనియు, గుడిసె జోలికి రావద్దనియు ప్రార్థించుచున్నాను.

ఇవి ఒక డప్పువాడి మాటలని పక్కన పెట్టక తమరు చిత్తగించవలెను.

ఇట్లు,
ఇంతవరకు తమ విధేయుడే అయిన
సాలమన్

తా.క. ఈ అర్జీ మడిచి పెట్టిన పిదప పటేలు మనుషులు వచ్చారు. ఆదివారం దాకా ఆగలేదు. డప్పు తీసుకున్నారు, మా కుండలు బయట పెట్టి గుడిసెకు తాళం వేశారు. రూతమ్మ ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు. చిన్నదాన్ని చంకనెత్తుకుని నడిచింది. రాళ్ళు కొట్టేవాళ్ళు వారి పాకల మధ్య మాకు చోటిచ్చారు.

పటేలు గారు పొరుగూరి నుంచి వేరే మనిషిని తెప్పించి ఆ దండోరా వేయించినారు. అతను పూర్తిగానే చెప్పినాడట పాపం. ఒక్కరు కూడా తలుపు తీయలేదు.

సాయంత్రం జనం నా దగ్గరికి వచ్చారు. ఎవరూ పిలవలేదు. చేతిలో డప్పు లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా లేచి నిలబడి చెప్పాను: మనుషులందరూ సమానమే. దండోరా చివర ఇది ఎవరి మాట అని అడగడం ఆనవాయితీ. సర్కారు వారిదనో పటేలు గారిదనో చెప్తాం, డప్పువాడికి సొంత మాట ఉండదు. కాంతవ్వ అడిగింది. "నాది" అన్నాను.

కాబట్టి ఆ మాట ఇప్పుడు యేసుమణి టీచరమ్మది కాదు. దాని కోసం ఆమెను ఊరి బయట ఉంచడం అన్యాయం. ఆమెను రానివ్వండి. పట్టుకోవలసింది నన్ను. పంజాగుట్టలో రాళ్ళు కొట్టే చోట ఉన్నాను, ఎవరినడిగినా చూపిస్తారు.