తాళాలు లేని ఊరి నుంచి

బావమరిదికి బావ దీవెనలు.

క్షేమంగా చేరాను. నీ పేపరువాడు అబద్ధం రాయలేదు. సంతోషంలో ఈ ఊరే మొదటిదన్నాడు, నిజమే. ఎదురైన ప్రతివాడూ నవ్వుతాడు. చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకున్నానేమోనని చూసుకున్నాను. సరిగ్గానే ఉన్నాయి. వాళ్ళు ఊరికే నవ్వుతున్నారు.

గది చిన్నది. ఒక మంచం, ఒక కిటికీ. తలుపుకి గొళ్ళెం లేదు. ఇంటావిణ్ణి అడిగాను. "గొళ్ళెమా? ఎందుకు తాతగారూ?" అంది. ఇన్నేళ్ళు తాళాలు బాగుచేసి బతికినవాణ్ణి, ఎందుకో చెప్పలేకపోయాను.

ఇక్కడ ఎవరూ తాళం వెయ్యరు. ఇంటికీ వెయ్యరు, కొట్టుకీ వెయ్యరు, బీరువాకీ వెయ్యరు. మంచివాళ్ళు.

మీ అక్క పోయాక ఆ ఇంట్లో నేను అన్నం కూడా సరిగ్గా తినడం లేదని, "సంతోషంగా ఉన్న ఊరికి పోరాదా బావా" అన్నావు. కోపంతో అన్నావో ప్రేమతో అన్నావో నేను అడగలేదు. వచ్చేశాను.

ఉంటాను,
నీ బావ

తా.క. నా బోర్డు, ఆ చెక్క తాళంచెవి, కిటికీకి వేలాడదీశాను. ఒకావిడ వచ్చి, తువ్వాళ్ళు ఆరేసుకోడానికి బాగుంటుంది, అమ్ముతారా అని అడిగింది.

⁂

బావకి, కత్తెర పక్కన పెట్టి మరీ పెడుతున్న నమస్కారాలు.

నీ ఉత్తరం షాపులో గట్టిగా చదివాను. చదివేసరికి వీధంతా పోగైంది. నువ్వు నోరు విప్పడమే అరుదు, విప్పావంటే అందులో ఏదో ఉంటుందని అందరి నమ్మకం. అదే నేను రోజంతా వాగుతాను, ఒక్కడూ వినడు.

"ఇక్కడ ఎవరూ తాళం వెయ్యరు" అన్న దగ్గర మాస్టారు చెయ్యెత్తి నన్ను ఆపేశారు. "అదీ కిటుకు! తాళం లేదు కనక అనుమానం లేదు, అనుమానం లేదు కనక సంతోషం ఉంది. ఎంత గుంభనంగా చెప్పాడయ్యా మీ బావ!" అన్నారు. అదే పేపర్లో మన ఊరు చిట్టచివర ఉందని చదివినప్పటి నుంచీ ఆయనకి అన్నం సయించడం లేదు లే.

ఇంకేం, వీధంతా తాళాలు ఊడబీకేశారు. అన్నీ తెచ్చి నీ మూలలో, అదే నా షాపు మెట్ల కింద నువ్వు కూర్చునే చోట, కుప్ప పోశారు. నీ పుణ్యమా అని మేం కూడా బాగుపడతాం బావా.

ఇట్లు, సూదిలో దారం ఎక్కించేవాడు లేక అవస్థ పడుతున్న
నీ బావమరిది

తా.క. మొదటిరోజే నా కత్తెర పోయింది. పిండిమర ఆయన్ని నానా మాటలూ అన్నాక నా ఒళ్ళోనే దొరికింది. క్షమించమని ఇంకా అడగలేదు. చొక్కా కొలతలకి వస్తాడుగా, అప్పుడు మెడ దగ్గర టేపు పెట్టి మెల్లగా అడుగుతాను.

⁂

బావమరిదికి.

నాకు ఇక్కడ పని లేదని చెప్పడానికి అలా రాశాను. అంతే. కిటుకూ గిటుకూ నాకు తెలీదు. మాస్టారికి చెప్పు.

ఇక్కడ ఒకటి జరిగింది. అలవాటు కొద్దీ తలుపుకి నేనే గొళ్ళెం బిగించుకున్నాను. తాళం వేసి టీకి వెళ్ళాను. వచ్చేసరికి గుమ్మం ముందు జనం. "మావల్ల ఏం పొరపాటు జరిగింది తాతగారూ?" అన్నారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

అలవాటు అని చెప్పబోయాను. కొత్తవాళ్ళ ముందు నా నోరు సంగతి నీకు తెలుసుగా. పెగల్లేదు. నాకేదో తెలుసుననీ, చెప్పడం లేదనీ అనుకున్నారు. దొంగలు తిరుగుతున్నారన్న మాట పుట్టింది. ఎవరు పుట్టించారో తెలీదు. నేనైతే కాదు.

సాయంత్రం ఇంటావిడ చప్పుడు చెయ్యకుండా వచ్చి "నాకూ ఒకటి బిగించండి" అంది. ఆమె వెనక పక్కింటాయన. ఆయన వెనక ఇంకొకాయన. చాలా రోజులకి, తాళంచెవులు అరగదీసే ఆకురాయి పట్టుకున్నాను. చేతులు సంతోషించాయి. మిగతా నేను సంతోషించలేదు.

ఉంటాను,
బావ

తా.క. కుప్పలో తాళాలకి కాస్త నూనె వెయ్యి. తుప్పు పడతాయి. నా స్టూలు మెట్ల కిందే ఉందా?

⁂

పెద్ద వ్యాపారస్తుడైపోయిన బావకి, పాత చుట్టరికం గుర్తు చేస్తూ నమస్కారాలు.

ఊరు ఊరంతా నీ గుమ్మంలో నిలబడుతోందన్నమాట! ఉత్తరం చదివితే అందరూ "ఇంకేం వస్తాడు, అక్కడే స్థిరపడ్డట్టే" అన్నారు. నేనూ అవునన్నాను. అనక ఏం చెయ్యను?

ఇక్కడి సంగతి విను. తాళాలు లేవు గదా, ఇల్లు విడిచి ఒక్కడూ కదలడు. ఎవరి గుమ్మంలో వాళ్ళు కాపలా. కాపలావాడు ఎంతసేపని గోడ చూస్తూ కూర్చుంటాడు? మురుగుకాలవ తగువు తర్వాత మాస్టారికీ పిండిమర ఆయనకీ మాటల్లేవు కదా, వాళ్ళవేమో ఎదురెదురు గుమ్మాలు. "ఎండ మండిపోతోంది" అని మాస్టారు గాలితో అన్నారు. "వాన పడితే బాగుణ్ణు" అని పిండిమర ఆయన కూడా గాలికే జవాబిచ్చాడు. ఇప్పుడు పొమ్మన్నా లోపలికి పోరు. పొద్దుగూకితే వీధంతా ఒకటే కబుర్లు.

స్టూలు అడిగావు. దాహమేసినా మంచినీళ్ళు అడగని మనిషివి, నోరు తెరిచి స్టూలు అడిగావంటే అది లేక ఎంత ఇబ్బంది పడుతున్నావో నాకు తెలీదా? దారాల కొట్టు లారీ అటు వెళ్తుంటే వేసి పంపాను. నీ చిన్న సుత్తీ, పాత గుడ్డసంచీ, అక్క ఫోటో కూడా కట్టాను. నీ మూలలో ఇప్పుడు నీదంటూ ఒక్క వస్తువు లేదు. నిశ్చింతగా ఉండు.

ఇట్లు, ఏదీ మర్చిపోకుండా పంపిన
నీ బావమరిది

తా.క. స్టూలు లారీ ఎక్కించేటప్పుడు మాస్టారు ఒక చెయ్యి వేశారు. ఆయన కంట్లో నలక పడింది. నా కంట్లోనూ పడింది. ఆ లారీవాడు దుమ్ము బాగా లేపుతాడు.

⁂

బావమరిదికి.

స్టూలు అందింది. కూర్చున్నాను.

పంపమని అడగలేదు. ఉందా అని అడిగాను.

ఇక్కడ ఇప్పుడు అందరూ తాళాలు వేస్తున్నారు. నవ్వేముందు జేబు తడుముకుంటున్నారు. సంతోషం లెక్క రాసుకునేవాళ్ళు మళ్ళీ వచ్చారు. ఇంటింటి తలుపూ తట్టారు. ఎవరూ తియ్యలేదు.

నిన్న ఇంటావిడ తాళంచెవి పారేసుకుంది. పక్కింటావిడ మీద అరిచింది. తర్వాత నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి "తాతా, నీకు దణ్ణం పెడతాను, తొందరగా రా, పొయ్యి మీద పాలున్నాయి" అంది. గారూ లేదు, గీరూ లేదు. ప్రాణం లేచొచ్చింది. మన వీధిలో ఎవరో పిలిచినట్టే ఉంది. తాళం తీసి గదికి వచ్చాను. వచ్చాక మన వీధి ఇంకా దూరమైంది.

మన వీధిలో నన్ను ఎవరూ మర్యాదగా పిలవలేదు. తిట్టుకుంటూ వచ్చేవాళ్ళు, తెరుచుకుంటే తిట్టడం ఆపేవాళ్ళు. మెట్ల పైనుంచి నీ అరుపులు. మీ అక్క పోయిందన్న సంగతి మధ్యమధ్యలో మర్చిపోయేవాణ్ణి.

నేను పోతే ఈ ఊరు మళ్ళీ నవ్వుతుంది. అక్కడేమో నేను లేకుండానే మీరు నవ్వుతున్నారు. తాళాలే లేని వీధికి తాళాలవాడు ఎందుకు? ఎటు పోవాలో తెలీడం లేదు.

బావ

తా.క. అక్కడ తెరుచుకోని తాళం ఒక్కటైనా ఉంటే రాయి. ఊరికే అడుగుతున్నాను.

⁂

బావా! నమస్కారాలూ గిమస్కారాలూ తర్వాత.

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడి చదివాను. తా.క. దగ్గరికి వచ్చేసరికి కాగితం మాస్టారి చేతిలో పెట్టేశాను, మిగతాది ఆయన చదివారు.  

అప్పుడు పిండిమర ఆయన లేచాడు. కుప్పలోంచి చేతికి వచ్చిన తాళం తీసుకుపోయి, తన తలుపుకి తగిలించి టప్పున నొక్కేశాడు. "ఇదుగో, తెరుచుకోని తాళం. రాయవయ్యా మీ బావకి!" అన్నాడు. మాస్టారు తగ్గుతారా? ఆయనా ఒకటి నొక్కారు. ఇక చూడు, వీధంతా కుప్ప మీద పడ్డారు. ఎవరి తాళం ఎవరిదో చూడలేదు, ఏది దొరికితే అది తగిలించి టప్పు టప్పున నొక్కేశారు. నేనూ షాపుకి నొక్కాను. చప్పట్లు కూడా కొట్టుకున్నాం.

చప్పట్లు ఆగాక మాస్టారు మెల్లగా "ఏ తాళానికి ఏ చెవో ఎవరికైనా గుర్తుందా?" అన్నారు.

అప్పుడు చూడాలి మొహాలు! తలుపు మూసేముందు గూట్లో పెట్టిన మాస్టారి కళ్ళజోడు లోపల, ఆయన బయట. పిండిమర ఆయన భార్య "బియ్యం లోపల, మొగుడు బయట, తిరగబడి ఉంటే ఎంత బాగుండేది" అంటోంది. ఒకాయన ప్యాంటు పొడుగు తగ్గించమని విప్పి ఇచ్చాడు. అది షాపులో మిషను మీద ఉంది. ఆయన తువ్వాలు చుట్టుకుని నా పక్కనే కూర్చుని ఈ ఉత్తరం తొంగి చూస్తున్నాడు. రేపు పేపరువాళ్ళు వస్తే మళ్ళీ మేమే చిట్టచివర. అందులో సందేహం లేదు.

నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ నీ ఆకురాయి చప్పుడు లేక నా మిషను తనలో తను మాట్లాడుకుంటున్నట్టుంది బావా. నేనేమో పెద్ద సంబరంగా ఉన్నట్టు రాశాను. నువ్వు చదివి బెంగ పెట్టుకోకూడదని రాశాను.

ఈ ఉత్తరం లారీ డ్రైవరు చేతికి ఇస్తున్నాను. తెల్లారేసరికి నీకు అందుతుంది. అదే లారీ వెనక్కి వస్తుంది. స్టూలు ఎక్కించు. నువ్వూ ఎక్కు. ఇంటావిడకి చెప్పి బయల్దేరు. చెప్పడానికి నోరు రాకపోతే దణ్ణం పెట్టి బయల్దేరు.

ఇట్లు, ఇల్లూ వాకిలీ ఉండి వీధిన పడ్డ
నీ బావమరిది

తా.క. కంగారు పడకు. తాళంచెవులన్నీ ఒక డబ్బాలో భద్రంగా ఉన్నాయి. కూర్చుని ఒక్కొక్కటే పెట్టి చూస్తే చీకటి పడేలోగా అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. నేను ఆ డబ్బా మీదే కూర్చుని రాస్తున్నాను. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఒక్కరూ నన్ను లెమ్మనడం లేదు.