పుస్తకాల ప్రహ్లాద్ చెప్పిన సాక్ష్యం

గన్‌ఫౌండ్రీ, మంగళవారం

చి. సౌ. కామాక్షికి అక్క దీవెనలు. నేను కులాసా, నా కాలు కూడా.

నిన్న నాంపల్లి కోర్టులో నా యాక్సిడెంటు కేసు విచారణ జరిగింది. సిగ్నల్ చూడకుండా నేనే కారుకు అడ్డం వెళ్లానని, అందుకని నష్టపరిహారం ఇవ్వనక్కర్లేదని బీమా కంపెనీ లాయరు వాదించాడు. అప్పుడు మా లాయరు మేఘన, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మే ప్రహ్లాద్‌ను బోనెక్కించింది.

"కారుకే రెడ్ పడ్డది సార్. గీ టీచరమ్మ సగం రోడ్డు దాటినంక గాయన ఆగకుండ వచ్చి గుద్దిండు" అన్నాడతను.

"రెండేళ్ల కిందటి సంగతి నీకింత బాగా ఎలా గుర్తుంది?" అని ఆ లాయరు గద్దించాడు.

"ఆమె చేతిలున్న పుస్తకాలు నా దగ్గర కొన్నవే సార్. రోడ్డు మీద పడితే ఏరింది గూడ నేనే. ఎట్ల మరుస్త?"

జడ్జిగారు పెన్ను ఆపి అతని వంక చూసి, మళ్లీ రాసుకున్నారు. కేసు మనవైపు తిరిగిందని, వేసవి సెలవుల్లోపే తీర్పు రావచ్చని మేఘన అంటోంది.

మీ ఇంట్లో ఉండి ఫిజియోథెరపీ చేయించుకున్నప్పటి రసీదులు నీ బీరువాలోనే ఉన్నాయి. వచ్చే వాయిదాకి కావాలి, వెంటనే రిజిస్టరు పోస్టులో పంపు. మరిదిగారి కంటి ఆపరేషన్ ఎప్పుడు? మీ వీధిలో నీళ్లు సరిగా వస్తున్నాయా? పిల్లలకు నా ముద్దులు.

రెండేళ్లుగా ఎవరో ఒకరి చెయ్యి పట్టుకునే రోడ్డు దాటుతున్నాను. ఈ కార్డు వేయడానికి ఆబిడ్స్ పోస్టాఫీసుకు ఒక్కదాన్నే వెళ్తున్నాను.

నీ అక్క,
సుబ్బరత్నం