ఎర్రచుక్క ఉన్న అట్ట

1987 ఆగస్టు 9, ఆదివారం, రాయ్‌పూర్

నాన్నా,

పొద్దున్నే పాత సామాన్లమ్మే కబాడీ దుకాణంలో గ్రామఫోన్ రికార్డులు వెతుకుతుంటే నీ ఎర్రచుక్క కనబడింది. రైల్వే కాలనీ పెళ్ళిళ్ళకు అరువిచ్చిన రికార్డులు మనింటికే తిరిగి రావాలని, నీ వర్క్‌షాపులో వ్యాగన్లకు వేసే రంగుతో అట్టల మీద నువ్వు పెట్టిన చుక్క. కానీ అట్ట ఖాళీ.

"రికార్డ్ తో తిల్దా కా మైక్‌వాలా లే గయా, బిటియా," అన్నాడు దుకాణదారు. లోపలి రికార్డును తిల్దా ఊరి మైకుసెట్టు అతను పట్టుకెళ్ళాడట.

అప్పటినుంచి కాలేజీ పుస్తకం తెరిచినా ఒక్క మాటా ఎక్కడం లేదు.

"గీత పడ్డ రికార్డు కోసం తిల్దా దాకానా? పాగల్‌వే నువ్వు!" అంది అమ్మ. మళ్ళీ తిల్దా వెళ్ళే ప్యాసింజరు రైలు టైము తనే చెప్పింది.

ఆ గీత దగ్గర ముల్లు ఎగిరి పాటలో ఒక మాట పోయేది. నువ్వు బతికున్నన్నాళ్ళూ దాన్ని నువ్వే పాడేవాడివి.

రేపు పొద్దున్నే అట్ట తీసుకుని తిల్దా వెళ్తాను. రికార్డు దొరికితే అక్కడే పెట్టించి, ముల్లు ఎగిరినచోట ఆ మాట నేను పాడతాను.